మార్కాన్షియా పాలిమార్ఫా

మార్కాన్షియా పాలిమార్ఫా బ్రయోఫైటా సముదాయంలోని లివర్‌వర్ట్‌లలో ఎక్కువగా అధ్యయనం చేయబడిన జాతి. ఇది పుష్పాలు, విత్తనాలు లేని చిన్న మొక్క. దీనికి నిజమైన వేర్లు, కాండం, పత్రాలు కూడా ఉండవు. తడి నేలను అంటిపెట్టుకొని, ఆకుపచ్చని పట్టీ వలె పరచుకొని పెరుగుతుంది. సమశీతోష్ణ ప్రాంతాలలో ప్రపంచమంతటా కనిపిస్తుంది. భారతదేశంలో హిమాలయ ప్రాంతంలో లభిస్తుంది. పూర్వం దీనిని కాలేయ వ్యాధులకు మందుగా భావించేవారు. ఆ భావనకు ఆధారం మొక్క ఆకారమే తప్ప పరీక్ష కాదు. నేడు ఈ మొక్క విలువ ప్రధానంగా వృక్షశాస్త్ర పరిశోధనలో ఉంది. నేలపై నివసించే మొక్కలు ఎలా ఏర్పడ్డాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు దీనిని నమూనా జీవిగా ఉపయోగిస్తున్నారు.

శాస్త్రీయ వర్గీకరణ

రాజ్యం: ప్లాంటే
విభాగం: మార్కాన్షియోఫైటా
తరగతి: మార్కాన్షియాప్సిడా
క్రమం: మార్కాన్షియేలిస్
కుటుంబం: మార్కాన్షియేసి
ప్రజాతి: మార్కాన్షియా
జాతి: పాలిమార్ఫా

పేరు వెనుక కథ

మార్కాన్షియా అనే ప్రజాతి నామాన్ని ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ మార్షాన్ 1713లో తన తండ్రి నికొలా మార్షాన్ జ్ఞాపకార్థం పెట్టాడు. నికొలా కూడా వృక్షశాస్త్రజ్ఞుడే. ఆయన 1678లో మరణించాడు. కార్ల్ లిన్నేయస్ 1753లో ప్రచురించిన స్పీషీస్ ప్లాంటారం గ్రంథంలో ఈ మొక్కకు మార్కాన్షియా పాలిమార్ఫా అని ద్వినామం ఇచ్చాడు. గ్రీకు భాషలో "పాలీ" అంటే అనేక, "మార్ఫ్" అంటే రూపం. పెరిగే చోటును బట్టి, వయసును బట్టి, ఆడ మగ భేదాన్ని బట్టి ఈ మొక్క వేర్వేరు రూపాలలో కనబడుతుంది కనుక ఆ పేరు తగినదే.

లివర్‌వర్ట్ అనే ఆంగ్ల పదంలో "లివర్" అంటే కాలేయం, "వర్ట్" అంటే మొక్క లేక మూలిక. చీలికలుగా విడిన దీని దేహం కాలేయపు తమ్మెలను పోలి ఉండటం వల్ల ఈ పేరు వచ్చింది. ఈ సముదాయానికి గల మరొక పేరు హెపాటికే కూడా కాలేయాన్ని సూచించే పదం నుండి పుట్టినదే.

ఆవాసం

ఈ మొక్కకు తేమ అత్యవసరం. వాగుల గట్లు, ఊట నీరు కారే రాళ్ళు, బురద నేలలు, బావుల గోడలు, నీడలో ఉన్న తడి ఇటుకలు దీనికి అనుకూలమైన చోట్లు. మనుషుల నివాసాల సమీపంలో కాలిబాటల రాళ్ళ సందులలోను, పూలకుండీల మట్టిపైన కూడా పెరుగుతుంది.

ఈ జాతిలో మూడు ఉపజాతులు గుర్తించబడ్డాయి. ఉపజాతి పాలిమార్ఫా చిత్తడి నేలలలోను, నీటి అంచులలోను పెరుగుతుంది. దీని దేహం మధ్యలో తెగకుండా సాగే నల్లని గీత ఉంటుంది. ఉపజాతి రుడెరాలిస్ మనుషులు కదిలించిన నేలలలోను, నర్సరీలలోను ఎక్కువ. దీని మధ్య గీత అక్కడక్కడ తెగి ఉంటుంది. ఉపజాతి మోంటివాగాన్స్ కొండ ప్రాంతాలలో పెరుగుతుంది. దీనికి ఆ గీత ఉండదు.

కార్చిచ్చు కాల్చివేసిన అడవి నేలపై మొదటగా వచ్చే మొక్కలలో ఇది ఒకటి. నిప్పు ఆరిన తరువాత బూడిదలో ఖనిజ లవణాలు సమృద్ధిగా ఉంటాయి, పోటీ పడే మొక్కలు ఉండవు. గాలిలో కొట్టుకువచ్చిన సిద్ధబీజాలు అక్కడ మొలకెత్తి కొద్దికాలంలోనే నేలను కప్పివేస్తాయి. ఈ కప్పు వర్షానికి మట్టి కొట్టుకుపోకుండా కొంత అడ్డుకుంటుంది. ఆ తరువాత పెద్ద మొక్కలు పెరిగి నీడ, పోటీ ఎక్కువైనపుడు మార్కాన్షియా క్రమంగా తగ్గిపోతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల మైదానాలలోని వేడి, పొడి వాతావరణం ఈ జాతికి అనుకూలం కాదు. ఇక్కడి విద్యార్థులు వానాకాలంలో తడి నేలపై చూడగలిగే లివర్‌వర్ట్ సాధారణంగా రిక్సియా ప్రజాతికి చెందినదై ఉంటుంది. రిక్సియా చిన్న చక్రాల వలె గుండ్రంగా పరచుకొని, నేల ఎండగానే కనుమరుగవుతుంది.

దేహ నిర్మాణం

ఈ మొక్క దేహాన్ని థాలస్ అంటారు. ఇది బల్లపరుపుగా ఉండి, కొన వద్ద రెండేసిగా చీలుతూ పెరుగుతుంది. పొడవు సుమారు 10 సెంటీమీటర్ల వరకు, వెడల్పు 2 సెంటీమీటర్ల వరకు ఉండవచ్చు. ప్రతి చీలిక చివర ఒక నొక్కు ఉంటుంది. పెరుగుదలకు కారణమైన కణాలు ఆ నొక్కులోనే ఉంటాయి. ముందుభాగం పెరుగుతూ ఉండగా వెనుకభాగం ముదిరి కుళ్ళిపోతుంది. కుళ్ళు చీలిక మొదలు వరకు చేరినపుడు రెండు కొమ్మలు విడిపోయి రెండు మొక్కలవుతాయి.

థాలస్ పైతలాన్ని భూతద్దంతో చూస్తే చిన్న చిన్న పలకలుగా విభజింపబడినట్లు కనిపిస్తుంది. ఒక్కొక్క పలక కింద ఒక గాలి గది ఉంటుంది. పలక మధ్యలోని చుక్క ఆ గదికి ద్వారమైన వాయురంధ్రం. ఈ రంధ్రం చుట్టూ కణాలు వలయాలుగా ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండి పీపా ఆకారాన్ని ఇస్తాయి. గాలి గది అడుగు నుండి పత్రహరితం నిండిన పొట్టి పోగులు పైకి లేచి ఉంటాయి. కిరణజన్య సంయోగక్రియ ముఖ్యంగా ఇక్కడే జరుగుతుంది.

ఈ వాయురంధ్రాలను పెద్ద మొక్కల పత్రరంధ్రాలతో సమానమని భావించకూడదు. పత్రరంధ్రానికి ఇరువైపుల రక్షక కణాలు ఉండి, నీటి కొరత ఏర్పడినపుడు దానిని మూసివేస్తాయి. మార్కాన్షియాలో అటువంటి కణాలు లేవు. ఈ మొక్క తడిని వదలి దూరంగా జీవించలేకపోవడానికి ఇది ఒక కారణం.

గాలి గదుల కింద రంగులేని కణాల పొరలు ఉంటాయి. వీటిలో పిండి పదార్థం నిల్వ ఉంటుంది. కొన్ని కణాలలో తైల దేహాలు ఉంటాయి. తైల దేహాలు లివర్‌వర్ట్‌ల ప్రత్యేక లక్షణం. అడుగు తలంలో పొలుసులు, మూలతంతువులు ఉంటాయి. మూలతంతువు ఒకే కణంతో ఏర్పడిన సన్నని గొట్టం. లోపలి గోడ నునుపుగా ఉన్నవి, గోడపై మేకుల వంటి మొనలు ఉన్నవి అని ఇవి రెండు రకాలు. మొక్కను నేలకు పట్టి ఉంచడం, నీటిని అందించడం వీటి పనులు.

శాఖీయ వ్యాప్తి

థాలస్ పైతలంలో అంచులు రంపపు పళ్ళ వలె ఉన్న చిన్న గిన్నెలు కనిపిస్తాయి. వీటిని జెమ్మా గిన్నెలు అంటారు. గిన్నె అడుగున జెమ్మాలు అనే ఆకుపచ్చని బిళ్ళలు పుడతాయి. ప్రతి బిళ్ళకు ఇరుపక్కల ఒక్కొక్క నొక్కు ఉంటుంది. ముదిరిన జెమ్మా తన కాడ నుండి విడిపోయి గిన్నెలో వదులుగా ఉంటుంది.

గిన్నెలో ఉన్నంతకాలం జెమ్మా మొలకెత్తదు. వాన చినుకు గిన్నెలో పడినపుడు నీరు చిమ్మి, దానితో పాటు జెమ్మాలు కొన్ని పదుల సెంటీమీటర్ల దూరం ఎగిరి పడతాయి. చినుకు పడే వేగమే ఇక్కడ విత్తనం చల్లే చేతి పని చేస్తుంది. తడి నేలపై పడిన జెమ్మా రెండు నొక్కుల నుండి రెండు దిక్కులకు పెరగడం మొదలుపెడుతుంది.

జెమ్మాకు పుట్టుకతో పైతలం, అడుగుతలం అనే భేదం లేదు. ఏ వైపు పడినా సరే, వెలుతురు తగిలిన వైపు పైతలంగాను, నేలవైపు ఉన్నది అడుగుతలంగాను మారుతుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మిర్బెల్ ఈ మొక్కపై 1835లో ప్రచురించిన అధ్యయనంలో ఈ విషయాన్ని చర్చించాడు. ఒకసారి నిర్ణయమైన తరువాత మొక్కను తిరగవేసినా తలాలు మారవు.

జెమ్మాలు లేకపోయినా ఈ మొక్క వ్యాపించగలదు. థాలస్‌ను ముక్కలుగా కోస్తే ఒక్కొక్క ముక్క నుండి కొత్త మొక్క వస్తుంది. జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫోక్టింగ్ 1885లో ఈ పునరుత్పత్తి శక్తిని వివరంగా పరిశీలించాడు. జెమ్మాల ద్వారా గాని, ముక్కల ద్వారా గాని ఏర్పడిన మొక్కలన్నీ తల్లి మొక్కకు జన్యుపరంగా నకళ్ళే. మగ మొక్క నుండి మగ మొక్కలు, ఆడ మొక్క నుండి ఆడ మొక్కలు మాత్రమే వస్తాయి.

లైంగిక ప్రత్యుత్పత్తి

ఈ జాతిలో ఆడ, మగ మొక్కలు వేరు వేరుగా ఉంటాయి. పగటి వేళ ఎక్కువగా ఉండే రోజులలో థాలస్ నుండి నిలువుగా కాడలు లేస్తాయి. మగ మొక్క కాడ చివర తమ్మెలుగల చదునైన పళ్ళెం ఉంటుంది. ఆడ మొక్క కాడ చివర గొడుగు ఊచల వలె చుట్టూ విచ్చుకున్న వేళ్ళు ఉంటాయి. ఇవి సాధారణంగా 9 వరకు ఉంటాయి. పుష్పాలు లేని సమయంలో ఆడ మగ గుర్తించలేనట్లే, ఈ కాడలు లేనపుడు కంటితో చూసి మొక్క లింగాన్ని చెప్పడం కష్టం.

మగ పళ్ళెంలోని గుంటలలో ఆంథరీడియాలు ఉంటాయి. వీటిలో తయారయ్యే పురుషబీజకణాలకు రెండేసి కశాభాలు ఉంటాయి. అవి నీటిలో ఈదగలవు. ఆడ గొడుగు అడుగుభాగంలో కూజా ఆకారపు ఆర్కిగోనియాలు తలకిందులుగా వేలాడుతూ ఉంటాయి. ఒక్కొక్క దానిలో ఒక స్త్రీబీజకణం ఉంటుంది. వాన చినుకు మగ పళ్ళెంపై పడి చిమ్మినపుడు పురుషబీజకణాలు నీటి తుంపరలతో ఆడ మొక్కను చేరుకుంటాయి. ఫలదీకరణ సమయానికి ఆడ కాడ ఇంకా పొట్టిగానే ఉంటుంది. తరువాత అది పొడవుగా సాగుతుంది.

ఫలదీకరణ ఫలితంగా ఏర్పడిన సంయుక్తబీజం తల్లి మొక్కపైనే పెరిగి సిద్ధబీజదం అవుతుంది. దీనిలో పాదం, పొట్టి కాడ, గుళిక అని మూడు భాగాలు ఉంటాయి. సిద్ధబీజదం ఆహారం కోసం తల్లి మొక్కపై ఆధారపడి ఉంటుంది. గుళికలో క్షయకరణ విభజన ద్వారా సిద్ధబీజాలు ఏర్పడతాయి. ఒక మాతృకణం నుండి వచ్చే నాలుగు సిద్ధబీజాలలో రెండు మగ మొక్కలను, రెండు ఆడ మొక్కలను ఇస్తాయి.

సిద్ధబీజాల మధ్య ఇలేటర్లు అనే సన్నని కణాలు ఉంటాయి. వీటి గోడలపై స్క్రూ మరల వంటి మందమైన చుట్లు ఉంటాయి. గుళిక పగిలి గాలి తగిలినపుడు ఇవి తేమ కోల్పోయి మెలి తిరుగుతాయి. ఆ కదలికకు సిద్ధబీజాలు విడివడి గాలిలో కలుస్తాయి. కాడ పొడవుగా సాగడం వల్ల గుళిక నేల నుండి ఎత్తుకు చేరి, గాలికి అందుతుంది.

ఈ విధంగా మొక్క వ్యాప్తి రెండు రకాల వాహకాలపై నడుస్తుంది. దగ్గర నేలను ఆక్రమించడానికి వాన చినుకు, దూర ప్రాంతాలకు చేరడానికి గాలి. లైంగిక ప్రత్యుత్పత్తికి మాత్రం రెండూ కావాలి. ఆడ, మగ మొక్కలు దగ్గరగా ఉండాలి, వాటి మధ్య నీరు ఉండాలి.

జీవిత చక్రం

మనం చూసే ఆకుపచ్చని థాలస్ ఏకస్థితికం. అంటే దాని కణాలలో క్రోమోజోములు ఒక్కొక్క ప్రతి మాత్రమే ఉంటాయి. వీటి సంఖ్య 9. అందులో 8 సాధారణ క్రోమోజోములు, ఒకటి లింగ క్రోమోజోము. సిద్ధబీజదం ద్వయస్థితికం. దాని కణాలలో క్రోమోజోములు 18. ఈ రెండు దశలు ఒకదాని తరువాత ఒకటి రావడాన్ని తరాల ఏకాంతరణ అంటారు. మామిడి, వరి వంటి మొక్కలలో ప్రధాన దశ ద్వయస్థితికం కాగా, ఇక్కడ ప్రధాన దశ ఏకస్థితికం కావడం ముఖ్యమైన తేడా. నాచు మొక్కల నుండి పెద్ద మొక్కల వరకు ఈ క్రమం ఒకటేనని జర్మన్ శాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ హోఫ్‌మైస్టర్ 1851లో నిరూపించాడు.

ఉపయోగాలు

వైద్యం: మధ్యయుగ ఐరోపాలో ఒక మొక్క ఏ అవయవాన్ని పోలి ఉంటే ఆ అవయవపు జబ్బుకు అది మందు అని నమ్మేవారు. ఈ వాదాన్ని ప్రచారం చేసినవారిలో పారాసెల్సస్ (1493–1541) ఒకడు. ఆ ప్రకారమే మార్కాన్షియాను కాలేయ వ్యాధులకు వాడారు. ఆకారపు పోలికకు, ఔషధ గుణానికి సంబంధం లేదు. హెపటికా అనే పూలమొక్కకు కూడా ఆకుల ఆకారం కారణంగా ఇటువంటి పేరే ఉంది, కాలేయ మందుగా అదే విధమైన ప్రసిద్ధి కలిగింది. ఈ రెండు మొక్కలకు ఎటువంటి దగ్గరి సంబంధం లేదు. పాత గ్రంథాలలో లివర్‌వర్ట్ అనే మాట కనిపించినపుడు అది ఏ మొక్కను ఉద్దేశించినదో పరిశీలించుకోవాలి.

చైనాలోను, హిమాలయ ప్రాంతాలలోను కాలిన గాయాలకు, చర్మ సమస్యలకు ఈ మొక్కను నాటు వైద్యంలో వాడే సంప్రదాయం ఉంది. ఆధునిక కాలంలో జపాన్ శాస్త్రజ్ఞుడు యోషినోరి అసకావా, ఆయన సహచరులు లివర్‌వర్ట్‌ల రసాయనాలను విస్తృతంగా పరిశోధించారు. ఈ మొక్క నుండి మార్కాంటిన్‌లు అనే సమ్మేళనాలు వేరు చేయబడ్డాయి. ప్రయోగశాలలో ఇవి కొన్ని సూక్ష్మజీవులపైన, కణాలపైన ప్రభావం చూపాయి. గాజు పాత్రలో కనిపించిన ప్రభావం మనిషి శరీరంలో మందుగా పనిచేస్తుందనడానికి సాక్ష్యం కాదు. కాలేయ వ్యాధులకు ఈ మొక్క ప్రామాణిక చికిత్స కాదు. పచ్చకామెర్ల వంటి వ్యాధులు ఉన్నవారు దీనిపై ఆధారపడి వైద్యాన్ని ఆలస్యం చేయడం ప్రమాదకరం.

కాలుష్య సూచిక: లివర్‌వర్ట్‌లు నీటిని, లవణాలను దేహం ద్వారా నేరుగా పీల్చుకుంటాయి. అందువల్ల పరిసరాలలోని భార లోహాలు వాటిలో పేరుకుంటాయి. సీసపు కాలుష్యం వేర్వేరు స్థాయిలలో ఉన్న చోట్ల పెరిగిన మార్కాన్షియా పాలిమార్ఫా మొక్కల మధ్య తేడాలను తెలిపే అధ్యయనం 1972లో నేచర్ పత్రికలో వెలువడింది.

బోధన: తరాల ఏకాంతరణను వివరించడానికి అనేక దేశాల వృక్షశాస్త్ర పాఠ్యాంశాలలో ఈ మొక్కను ఉదాహరణగా చూపుతారు.

పరిశోధనలో ప్రాధాన్యం

1986లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన కాంజి ఒయామా బృందం మార్కాన్షియా ప్రజాతి మొక్క హరితరేణువు డి.ఎన్.ఎ. అనుక్రమాన్ని పూర్తిగా ప్రకటించింది. దాని పొడవు 1,21,024 క్షార జతలు. పొగాకు మొక్క హరితరేణువు అనుక్రమం కూడా అదే సంవత్సరం వెలువడింది. 1992లో మార్కాన్షియా మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. అనుక్రమం ప్రచురితమైంది. 2007లో మగ మొక్కలోని వై క్రోమోజోము వివరాలు, 2017లో మొత్తం జీనోమ్ వెలువడ్డాయి. ఇందులో సుమారు 19,000 జన్యువులు ఉన్నాయి.

ఈ మొక్కను పరిశోధకులు ఎంచుకోవడానికి కారణాలు ఇవి:

1. థాలస్ ఏకస్థితికం కనుక ఒక జన్యువులో మార్పు జరిగితే దాని ఫలితం వెంటనే బయటపడుతుంది. రెండవ ప్రతి దానిని మరుగుపరచదు.
2. పుష్పించే మొక్కలలో ఒకే పనికి అనేక జన్యువులు ఉండే చోట ఇక్కడ చాలాసార్లు ఒకటి రెండే ఉంటాయి. అందువల్ల ఒక్కొక్క జన్యువు పనిని తెలుసుకోవడం సులభం.
3. జెమ్మాల ద్వారా ఒకే రకమైన మొక్కలను ఎన్నయినా తక్కువ కాలంలో పెంచవచ్చు.

పాత పాఠ్యపుస్తకాలు లివర్‌వర్ట్‌లను నేలపై మొక్కలలో అతి ప్రాచీనమైన శాఖగా, పెద్ద మొక్కలకు మొదటి మెట్టుగా వర్ణించాయి. 2018 నుండి వెలువడిన విశ్లేషణలు లివర్‌వర్ట్‌లు, మాస్‌లు పరస్పరం దగ్గరి బంధువులని సూచిస్తున్నాయి. వీటి పూర్వీకులకు పత్రరంధ్రాలు ఉండేవని, లివర్‌వర్ట్‌లు వాటిని తరువాత కోల్పోయాయని కూడా భావిస్తున్నారు. అనగా ఇప్పుడు కనిపించే సరళత్వంలో కొంతభాగం పుట్టుకతో వచ్చినది కాదు, కాలక్రమంలో తగ్గించుకున్నది. భారతీయ బ్రయోఫైటా అధ్యయనానికి ఆద్యుడైన శివరాం కశ్యప్ (1882–1934) చాలా ముందే మార్కాన్షియేలిస్ క్రమంలోని మొక్కల విషయంలో ఇటువంటి క్షీణ పరిణామ వాదాన్ని ప్రతిపాదించాడు. లాహోరులో పనిచేసిన ఆయన పశ్చిమ హిమాలయాల, పంజాబు మైదానాల లివర్‌వర్ట్‌లపై వ్రాసిన గ్రంథం రెండు భాగాలుగా 1929లోను, 1932లోను వెలువడింది.

పెంపకం

తరగతి గదిలో చూపడానికి ఈ మొక్కను తక్కువ ఖర్చుతో పెంచవచ్చు.

1. అడుగున రంధ్రాలు ఉన్న లోతు తక్కువ పళ్ళెంలో మెత్తని తడి మట్టిని గాని, కొబ్బరి పొట్టును గాని చదునుగా పరచాలి.
2. తడిపిన సన్నని కుంచెతో గిన్నెలోని జెమ్మాలను ఎత్తి మట్టిపై దూరదూరంగా ఉంచాలి. వాటిపై మట్టి కప్పకూడదు. జెమ్మాలు లేకపోతే థాలస్ కొన ముక్కలను పరచవచ్చు.
3. పారదర్శకమైన మూతతో కప్పి తేమను నిలపాలి. నేరుగా ఎండ తగలకుండా వెలుతురు వచ్చే చోట ఉంచాలి. సుమారు 20 నుండి 22 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలం.
4. నీటిని కింద ఉన్న తొట్టి ద్వారా అందించాలి. పైనుండి పోస్తే జెమ్మాలు చెదిరిపోతాయి.
5. బూజు కనిపించిన భాగాన్ని వెంటనే తీసివేయాలి.

అనుకూల పరిస్థితులలో కొన్ని వారాలలో కొత్త గిన్నెలు ఏర్పడతాయి. అప్పుడు ఒక గిన్నెపై పిచికారీతో నీటి చుక్కలు వదలి, చుట్టూ పరచిన తెల్ల కాగితంపై జెమ్మాలు ఎంత దూరం పడ్డాయో కొలవవచ్చు. ప్రయోగశాలలో లైంగిక కాడలు రప్పించడానికి పగటి వెలుతురు సమయాన్ని పెంచి, దానితో పాటు సుదూర ఎరుపు కాంతిని అందిస్తారు.

కలుపు మొక్కగా

ఐరోపా, ఉత్తర అమెరికా దేశాల నర్సరీలలో ఇది ఇబ్బంది పెట్టే కలుపు. తరచుగా నీరు చల్లడం, పైపైన ఎరువు వేయడం, నీడ, ఇవన్నీ దీనికి అనుకూలిస్తాయి. నీరు చల్లిన ప్రతిసారీ జెమ్మాలు పక్క కుండీలకు చేరతాయి. ఇది ఇతర మొక్కల నుండి ఆహారాన్ని పీల్చదు. అయితే మట్టిపై దట్టమైన చాప వలె పరచుకొని నీరు లోపలికి ఇంకకుండా చేస్తుంది, చిన్న మొలకలను అణచివేస్తుంది. కుండీ పైపొరను నీటి తడుల మధ్య ఆరనివ్వడం, ముతక గులకరాళ్ళు లేక బెరడు ముక్కలు పరచడం, ఎరువును మట్టి లోపల కలపడం, పాత కుండీలను శుభ్రపరచడం నివారణ మార్గాలు. చేతితో పీకినపుడు ముక్కలు మిగిలితే అవే మళ్ళీ మొక్కలవుతాయి.

పోలిన మొక్కలు

లూన్యులేరియా క్రూసియేటా కూడా కుండీలలో పెరుగుతుంది. దాని జెమ్మా గిన్నెలు అర్ధచంద్రాకారంలో ఉంటాయి. మార్కాన్షియా గిన్నెలు పూర్తి గుండ్రంగా ఉంటాయి. కోనోసెఫాలం ప్రజాతి మొక్కలపై కూడా పలకలు స్పష్టంగా కనబడతాయి, కాని వాటికి జెమ్మా గిన్నెలు ఉండవు. నలిపితే ఘాటైన వాసన వస్తుంది. గిన్నె ఉన్నదా, ఉంటే దాని అంచు ఏ ఆకారంలో ఉన్నది అన్న రెండు ప్రశ్నలతో ఈ మూడింటిని వేరు చేయవచ్చును.